చేజారిన చేతొడుగు

1954వ సంవత్సరమున ఎలియా కజాన్ దర్శకత్వమున వెలువడిన ‘ఆన్ ది వాటర్‌ఫ్రంట్’ చిత్రమునందు ఒక ఘట్టము గలదు. ఓడరేవు కూలియగు టెర్రీ, తానెరుగకయే ఏ యువకుని మృత్యువునకు కారకుడయ్యెనో ఆ యువకుని సోదరితో కలిసి నడచుచుండగా, ఆమె చేతొడుగొకటి నేలకు జారును; అతడు దానిని తీయును గాని ఆమెకీయడు; దుమ్ము దులుపును, పిల్లల ఊయలపై కూర్చుండును, ఏమో మాటలాడుచునే ఆ చిన్న తొడుగులో తన మోటుచేతిని దూర్చుకొనును. ఆమెకు వెడలిపోవలెననియున్నది, తన వస్తువు అతనియొద్ద నున్నది గనుక పోజాలకున్నది. అభ్యాససమయమున అది యాదృచ్ఛికముగా జారినదనియు, టెర్రీ పాత్రధారియగు మార్లన్ బ్రాండో దానిని విడువక నటనలో కలుపుకొనెననియు కజాన్ చెప్పియున్నాడు.

యాదృచ్ఛికమును ఇట్లందిపుచ్చుకొనుట ఒకనాట సిద్ధించు విద్య కాదు. 1924లో నెబ్రాస్కా రాష్ట్రమందలి ఒమాహాలో జన్మించి, సైనిక పాఠశాలనుండి బహిష్కృతుడై 1943లో న్యూయార్కు చేరిన బ్రాండో, అచట స్టెల్లా అడ్లర్ శిష్యుడయ్యెను. మాస్కో ఆర్ట్ థియేటర్ స్థాపకులలో నొకడగు స్తానిస్లావ్‌స్కీ పద్ధతిని అమెరికాలో గ్రూప్ థియేటర్ వారు అంతకు ముందటి దశాబ్దియందు అవలంబించియుండిరి. అందు లీ స్ట్రాస్‌బర్గ్, నటుడు తన గతజీవితమందలి దుఃఖమును త్రవ్వి తెచ్చి పాత్రకు ధారపోయవలెనని బోధించుచుండెను. అడ్లర్ 1934లో పారిస్ నగరమున స్తానిస్లావ్‌స్కీని స్వయముగా కలిసి, అయిదు వారములు ఆయనయొద్ద సాధనచేసి తిరిగివచ్చి, ఆ బోధను ధిక్కరించినది. నీ సొంత కన్నీరెంత? నాటకకర్త కల్పించిన లోకము దానికంటె విశాలమైనది. అందలి పరిస్థితులను ఊహించుము, ఆ పరిస్థితులలో పాత్ర ఏమి చేయునో అది చేయుము. రసము దానియంతట అదే వచ్చును: ఆమె మతసారమిది. పాశ్చాత్యులు చెప్పిన ప్రతిమాటకు భరతముని యందు మూలము వెదకుట మనకొక చాపల్యము. అయినను, సాత్త్వికాభినయమును గూర్చి తర్కించుకొను మనవారికి ఈ వివాదము పరాయిది కాదు. తన విద్యకు స్ట్రాస్‌బర్గ్ కారకుడని లోకమనుకొనుట బ్రాండోకు కడవరకు కంటకముగనే యుండెను.

1947 డిసెంబరు 3న న్యూయార్కు బారిమోర్ నాటకశాలలో టెనెసీ విలియమ్స్ రచించిన ‘ఎ స్ట్రీట్‌కార్ నేమ్డ్ డిజైర్’ ప్రదర్శితమైనప్పుడు ఈ విద్య లోకమునకు తెలిసినది. అందు బ్రాండో ధరించిన పాత్రయగు స్టాన్లీ కొవాల్‌స్కీ పశుప్రాయుడు. కాని బ్రాండో అతనిని దూషింపలేదు, సమర్థింపలేదు. ఆకలిగొన్నవాడు తినునట్లు తినెను, ఉక్కపోసినవాడు చొక్కా విప్పునట్లు విప్పెను. ప్రేక్షకులు జాలిచూపవలసిన నాయిక బ్లాంచిని విడిచి ఇతనివైపే చూచుచుండిరట! 855 ప్రదర్శనలు జరిగిన ఆ నాటకమునుండి 1949లో తొలగిన పిమ్మట అతడు బ్రాడ్వేకు మరల రాలేదు. చలనచిత్రములకు కలిగిన లాభమెంతైనను, రంగస్థలమునకు అది తీరని నష్టమని నా అభిప్రాయము.

తొలిచిత్రమగు ‘ది మెన్’ (1950) కొరకు, నడుము దిగువ చచ్చుపడిన సైనికుల నడుమ ఆసుపత్రిలో కొన్ని వారములు చక్రాల కుర్చీలో గడపెను. గొణుగుడు తప్ప ఇతనికి పలుకు రాదని పరిహసించినవారికి 1953లో షేక్స్‌పియర్ ‘జూలియస్ సీజర్’ చిత్రమున ఆంటొనీగా సమాధానమిచ్చెను. తరువాతి దశాబ్ది చిత్రములలో పెక్కింటిని విడిచిపెట్టవచ్చును.

1972లో ‘గాడ్‌ఫాదర్’ చిత్రమునాటికి సంభాషణలను కంఠస్థము చేయుట మానివేసి, చీటీలపై వ్రాయించి చూచి పలుకుచుండెను; మనుష్యుడు తన తరువాతి మాటను ముందెరుగడు గదా యని అతని సమర్థన. అందు సగము సత్యము, సగము సోమరితనము. కాని ఆ చిత్రపు తొలిఘట్టమున, స్టూడియోలో తిరుగుచుండిన ఒక పిల్లిని దర్శకుడు కొపోలా తెచ్చి అతని ఒడిలో నుంచెను. ఎదుటివాడు హత్యను యాచించుచుండగా బ్రాండో వ్రేళ్లు ఆ పిల్లి మెడను తడవుచునే యున్నవి. అది తన్మయమై చేసిన గురగుర శబ్దము మాటలను మింగివేసి, శబ్దగ్రాహకులను చిక్కులపెట్టినదందురు.