చెత్త ఎత్తేదెవరు? ‘వాల్-ఈ’ సినిమాపై మా మాట

పర్యావరణం గురించి వచ్చిన మంచి సినిమాలంటే ‘వాల్-ఈ’ పేరు తప్పక వస్తుంది. పిక్సార్ సంస్థ 2008లో ఆండ్రూ స్టాంటన్ దర్శకత్వంలో తీసిన ఈ బొమ్మల సినిమాకి ఆస్కార్ కూడా వచ్చింది. మేమూ ఇష్టంగానే చూశాం. కానీ చెత్త ఎత్తేవాళ్ళ వైపునుంచి చూస్తే కొన్ని ప్రశ్నలు అడక్క తప్పదు.

భూమంతా చెత్తయిపోయింది. ‘బై ఎన్ లార్జ్’ అనే కంపెనీ మనుషుల్ని ఓడలెక్కించి ఆకాశంలోకి పంపింది. ఊడ్చే పని మరమనుషుల మీద పడేసింది. అయిదేళ్ళలో తిరిగొస్తామన్నవాళ్ళు 700 ఏళ్ళయినా రాలేదు. ఓడల్లో ఎవరికి చోటు దొరికిందో, ఎవరికి దొరకలేదో సినిమా అడగదు. తప్పు మనిషిజాతి మొత్తానిదట! కొన్నవాడూ, కొనలేనివాడూ ఒకటేనా?

మిగిలిన ఒకే ఒక్క మరమనిషి వాల్-ఈ. ఆ పేరు విడదీస్తే వచ్చేది చెత్త ఎత్తే యంత్రమనే. పుట్టుకతోనే పని, పనే పేరు. ఇది మనకు కొత్తా? తోటివాళ్ళు తుప్పుపట్టి పడిపోతే వాళ్ళ విడిభాగాలు తగిలించుకుని మళ్ళీ పనికి పోతాడు. దీన్ని సినిమా ముద్దుగా చూపిస్తుంది.

ఓడలోనూ అంతే. చెత్తను అణిచే పెద్ద యంత్రాలు అట్టడుగున, ఎవరి కంటా పడని చోట ఉంటాయి. వాడ ఊరవతల ఉన్నట్టే. వాల్-ఈ నడిచిన జాడను మో అనే చిన్న యంత్రం వెంటబడి తుడుస్తుంటుంది. హాలంతా నవ్వుతుంది. మాకు నవ్వు రాలేదు. పీష్వాల పూనాలో అంటరానివాళ్ళు తమ అడుగుల్ని తామే చెరిపేసుకోవడానికి నడుముకు చీపురు కట్టుకుని నడవాల్సి వచ్చిందని అంబేడ్కర్ 1936లోనే రాశాడు. తర్వాత మో, వాల్-ఈ స్నేహితులవుతారు, నిజమే. కానీ మైల అనే ఆలోచన ఎక్కణ్ణించి వచ్చిందో సినిమా తడమదు.

చివరికి దోషి ఎవరు? తిరిగి రావద్దని ఆజ్ఞ ఇచ్చింది కంపెనీ పెద్ద. శిక్ష మాత్రం ఆ ఆజ్ఞ పాటించిన ఓడ నడిపే యంత్రానికి. ఒక మొక్క మొలిచిందని మనుషులు దిగొస్తారు. మిగిలిన చెత్తగుట్టలు ఎవరెత్తాలి? మనుషులూ మరమనుషులూ కలిసి పని చేసినట్టు ముగింపు పేర్ల వెనక బొమ్మలేశారు. అసలు కథ అక్కడ మొదలవ్వాలి, అక్కడే ముగించేశారు.

ఇదంతా సినిమా సంగతేగా అనొచ్చు. మన దేశంలో పాకీ పనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో మరో చట్టం వచ్చాయి. మురుగు కాల్వల్లో చనిపోయినవాళ్ళ కుటుంబాలకు 10 లక్షలివ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. చావులు ఆగితే పరిహారం పెంచే అవసరమేముంది? మ్యాన్‌హోల్‌లోకి యంత్రం దిగాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ ఆ యంత్రం పక్కన నిలబడేది మళ్ళీ ఆ కులంవాడే అయితే మారిందేమిటి?

చెత్త గురించి బాధపడే ప్రతివాళ్ళనీ మేం అడిగేది ఒక్కటే. ఎత్తే చేతుల గురించి ఎప్పుడు మాట్లాడతారు?