మిల్లు గొట్టాలూ మెంతి గుజ్జూ

అట్టతో కుర్చీ ఏమిటని నవ్వేవాళ్లను ముందు అట్టను నిలబెట్టి చూడమంటాను. పెట్టె అట్టలో రెండు చదును కాగితాల మధ్య అలల కాగితం ఉంటుంది. ఆ అలలు నేలకు నిట్టనిలువుగా ఉంటే అట్ట మనిషిని మోస్తుంది, పడుకోబెడితే నలిగిపోతుంది. పనితనమంతా ఈ కిటుకులోనే ఉంది. తెలిసిన పనివాడు 5 ప్లై, 7 ప్లై పెట్టెలే, అంటే అయిదు, ఏడు కాగితపు పొరలున్నవే, ఏరుకుంటాడు. అంచు పొడవునా బొటనవేలితో నొక్కుతూ పోయి, అలలు చచ్చిన చోట కోసి పారేస్తాడు. పలకలకు సగం దాకా గాట్లు పెట్టి ఒకదానిలోకి ఒకటి దించితే మేకు లేకుండా, జిగురు లేకుండా బల్ల నిలుస్తుంది. పొరలు అతికించాల్సి వస్తే ఒకటి నిలువు, ఒకటి అడ్డం. అతకడానికి మైదా గంజి చాలు. పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం వేస్తారు, పుస్తకాలు బైండు చేసేవాళ్ల పాత పద్ధతి అది.

వాస్తుశిల్పి ఫ్రాంక్ గెహ్రీ 1972లో చేసిన విగిల్ కుర్చీని చూడండి. పొర మీద పొర పేర్చిన అట్ట పాములా మెలికలు తిరిగి కూర్చుంటుంది. ఎంత ధైర్యం! కానీ ఆ కుర్చీ ఇవాళ సామాన్యుడు తాకలేని ధరకు చేరింది. నా ఓటు మాత్రం జపాను వాస్తుశిల్పి షిగెరు బాన్‌కే. గుడ్డలు చుట్టి వచ్చిన కాగితపు గొట్టాలను పారేయడానికి ఆయనకు మనసొప్పలేదు. 1986లో టోక్యోలో ఫిన్లాండు వాస్తుశిల్పి ఆల్వార్ ఆల్టో ప్రదర్శనకు కలప కొనే స్తోమత లేక, గొట్టాలతోనే గోడలూ పైకప్పూ కట్టాడు. 1995లో కోబె భూకంప బాధితులకు, 2001లో మన భుజ్ భూకంప బాధితులకు వాటితోనే ఇళ్లు నిలబెట్టాడు. 2014లో వాస్తుశిల్పులకిచ్చే ప్రిట్జ్‌కర్ బహుమతి ఆయనను వరించింది. ముంబయిలో ‘ఆరంభ్’ సంస్థ పాత పెట్టెలను కత్తిరించి, మడతపెట్టి, బడిపిల్లలకు చేసిన రాతబల్ల ఇంకో అద్భుతం. అప్పట్లో దానికి పది రూపాయల లోపే ఖర్చయింది. మడిస్తే సంచి, విప్పితే బల్ల!

బాన్ వాడినలాంటి గొట్టాలకు మా కోయంబత్తూరులో కొరతా? కుప్పుస్వామి నాయుడు 1910లో లక్ష్మీ మిల్లు పెట్టిన ఊరు ఇది. ఇక్కడి మిల్లుల నూలు కోన్‌లూ, గుడ్డ తాన్ల గొట్టాలూ చాలావరకు కాగితమే. అయిదు వాల్వుల రేడియోను డెబ్బై రూపాయలకే చేయగలనని 1941లో ప్రకటించిన ఆవిష్కర్త జి.డి. నాయుడు పుట్టిన నేల ఇది. ఇక్కడ చౌకగా చేయడమంటే నాసిగా చేయడం కాదు.

పాత కాగితాన్ని పనికొచ్చే వస్తువుగా మార్చే ఈ విద్యను మన ఆడవాళ్లు ఎప్పుడో సాధించారు. మా అవ్వ పాత కాగితాలు నానబెట్టి, మెంతులు చేర్చి రుబ్బి, బోర్లించిన కుండ మీద గుజ్జును మెత్తి గంపలు తీసేది. మెంతి జిగటకు గుజ్జు బిగుస్తుంది, చేదుకు పురుగు చేరదు. మదురై పక్కన విళాచ్చేరి కళాకారులు మట్టితో పాటు కాగితపు గుజ్జుతోనూ కొలువు బొమ్మలు పోస్తారు. నాయకరాజుల నాటినుంచి తమిళనాట ఉన్న మన తెలుగిళ్లలో దసరాకు కొలువు తీర్చేవాళ్లకు ఆ బొమ్మల తేలిక తెలుసు.

అవ్వ చేసిన ఆ గంపల స్థానంలో ఇప్పుడు ప్లాస్టిక్ బుట్టలొచ్చాయి. రంపప్పొట్టును రసాయనపు జిగురుతో బిగించి, పైన టేకు బొమ్మ ముద్రించిన కాగితం అంటించి బల్లలని అమ్ముతున్నారు. రెండు వర్షాకాలాలకే అవి ఉబ్బి పెచ్చులూడతాయి, కలపగానూ కాగితంగానూ ఎందుకూ తిరిగి పనికిరావు. ఇంకా కడుపు మండేది, పల్చటి అట్టకు ప్లాస్టిక్ పొర పూసి ‘పర్యావరణహితం’ అని చీటీ తగిలించేవాళ్లను చూస్తే! ఆ పొరతో అట్ట మళ్లీ గుజ్జు కావడం గగనమైపోతుంది. ఇది మోసం, మరో మాట లేదు.

మా ఊరి పీళమేడు కళాశాలల అయ్యవార్లారా, ఈ పనిని మీ వర్క్‌షాపుల్లోకి రానివ్వండి. మిల్లు యజమానులారా, దెబ్బతినని గొట్టాలను తూకానికి వేసే ముందు చుట్టుపక్కల బడుల్ని అడగండి. తల్లుల్లారా, ఈ దసరాకు కొలువు మెట్లు గాట్లు పెట్టిన 7 ప్లై పలకలతో చేయించండి. అలలు నిలువుగా ఉన్నాయో లేదో మీరే చూసుకోండి, తడి నేల మీద పెట్టకండి. పండగయ్యాక అవే పలకలు పిల్లల పుస్తకాల అర అవుతాయి.