కంప్యూటరు మీటలు: ప్రకటనలును, పరీక్షలును

ఆదోనికి ప్రత్తి పేరు తెచ్చినది. ఎమ్మిగనూరునకు మగ్గము పేరు తెచ్చినది. 1938వ సంవత్సరమున మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరులో నెలకొల్పిన చేనేత సహకార సంఘము ఎన్నో కుటుంబములకు జీవనాధారమైనది. ఈ రెండు పట్టణములలోను ఒక తరము క్రిందట ఉద్యోగము కోరు యువకులు సాయంకాలమున టైపు ఇన్‌స్టిట్యూటునకు పోయి వ్రేళ్లకు అక్షరములు అలవాటు చేసికొనెడివారు. నేడు వారి పిల్లలు కంప్యూటరు ఎదుట కూర్చుండి పగలు పోటీపరీక్షకు టైపు అభ్యసించుచున్నారు; రాత్రి కొంతసేపు ఆటలాడుచున్నారు. రెంటికిని ఒకే ఫలకము పనికివచ్చునను ఆశతో 'మెకానికల్ గేమింగ్ కీబోర్డు' కొనబూనుచున్నారు. అప్పుడెదురగు మొదటి ప్రశ్న: ఎఱ్ఱ స్విచ్చి మేలా, నీలి స్విచ్చి మేలా, గోధుమరంగు స్విచ్చి మేలా?

ఈ ప్రశ్న పైకి చిన్నదే. కాని సామాన్యమైన ఫలకము కొన్ని వందల రూపాయలకు దొరకుచుండగా ఇట్టి ఫలకమునకు వేల రూపాయలు పెట్టవలసియున్నది. మగ్గము మీదనో, ప్రత్తి మిల్లులోనో సంపాదించిన సొమ్ముతో తండ్రి కొనియిచ్చు వస్తువు గురించి ప్రకటనలు ఏమి చెప్పుచున్నవి, అందు ఎంత నిజమున్నది అని విచారించుట అవసరము. ప్రకటనలు ముఖ్యముగా మూడు మాటలు చెప్పును. రంగును బట్టి గుణము తెలియునట. మీట ఎంత తక్కువ దిగిన అంత వేగమట. స్విచ్చి కోట్లకొలది నొక్కుళ్లకు నిలుచునట. ఈ మూడింటిని వరుసగా పరీక్షింపవచ్చును.

మీట లోపల ఏమున్నది?

సామాన్యపు ఫలకములో మీట క్రింద రబ్బరు బుడిపె ఒకటి ఉండును. వ్రేలు నొక్కగా బుడిపె ఒక్కసారిగా కూలి, క్రిందనున్న రెండు పలుచని ప్లాస్టిక్ పొరలను కలుపును. మీటను దాదాపు అడుగంట నొక్కిననే గాని అక్షరము పడదు.

మెకానికల్ ఫలకములో ప్రతి మీటకును వేరుగా ఒక స్విచ్చి కలదు. అందు ఒక ప్లాస్టిక్ కాడ, దాని క్రింద ఉక్కు స్ప్రింగు, ప్రక్కన రెండు లోహపు రేకులు ఉండును. కాడ దిగినపుడు రేకులు కలిసి విద్యుత్తు ప్రవహించును. జర్మనీలోని చెర్రీ సంస్థ 1980 దశకమున ప్రవేశపెట్టిన ఎమ్ఎక్స్ స్విచ్చి ఈ రకములకు మాతృక. దాని పేటెంటు కాలము ముగిసిన పిమ్మట చైనాలోని కైల్, గేటెరాన్ మొదలగు సంస్థలు అదే నమూనాపై చౌకగా తయారుచేయసాగినవి. మన ఊళ్లకు వచ్చు ఫలకములలో పెక్కింటియందు ఉన్నవి ఈ అనుకరణములే.

కాడ ప్రక్క నున్నగా ఉన్న ఎడల వ్రేలికి ఆటంకము తోచదు. స్ప్రింగు సూత్రము ననుసరించి దిగిన కొలదిని బలము సమముగా పెరుగును. ఇది ఎఱ్ఱ రకము, నల్ల రకము. కాడపై చిన్న గడ్డ ఉన్నచో నడుమ ఒక తడబాటు తోచును. ఇది గోధుమ రకము. కాడకు తోడుగా జారు చిన్న ముక్క ఒకటి ఉండి, అది తటాలున దూకి 'టిక్' మన్నచో నీలి రకము. ఈ మూడింటికిని ఉన్న అసలు భేదము ఇంతియే.

రంగును నమ్మవచ్చునా?

చెర్రీ లెక్కల ప్రకారము ఎఱ్ఱ స్విచ్చి పనిచేయుటకు 45 సెంటీన్యూటనుల బలము కావలెను. గోధుమకు 55, నల్లకును నీలికిని 60. ఈ అంకెలు విద్యార్థికి పట్టుబడవలెనన్న చిన్న ప్రయోగము చాలును. పది రూపాయల నాణెము బరువు 7.71 గ్రాములు. మీటపై ఒక అంగుళము ఎత్తు థర్మోకోల్ ముక్క నిలిపి, దానిపై నాణెములను ఒక్కొక్కటిగా మెల్లగా పేర్చవలెను. ముక్క లేనిచో నాణెము వెడల్పుగా ఉండుటచే ప్రక్క మీటలకు ఆనుకొనును. ఆరు నాణెముల బరువు సుమారు 46 గ్రాములు, అనగా 45 సెంటీన్యూటనులు. ఎఱ్ఱ స్విచ్చియైనచో సుమారు ఆ దశలో తెరపై అక్షరము పడవలెను. నల్ల స్విచ్చికిని, నీలి స్విచ్చికిని ఎనిమిది నాణెములు కావలసియుండును. ఒకే ఫలకములోని పది మీటలపై ఈ ప్రయోగము చేసి, ఫలితములలో ఎంత వ్యత్యాసము వచ్చునో పట్టిక వేయించినచో, తయారీ ఎంత నిలకడగా ఉన్నదో విద్యార్థులే తేల్చగలరు.

ఇచ్చట గమనింపదగినదేమనగా, రంగు ప్రమాణము కాదు. ఏ ప్రమాణ సంస్థయు రంగునకు అర్థము నిర్ణయింపలేదు. ఎఱుపు, నీలము, గోధుమ విషయమున అనుకరణ సంస్థలు చాలవరకు చెర్రీని అనుసరించుచున్నను, తెలుపు, పసుపు వంటి రంగులకు వచ్చునప్పటికి ఒకరి పద్ధతి మరియొకరికి పొసగదు. కావున రంగు అడిగి కొనుట, డబ్బామీది బొమ్మను చూచి మందు కొనుట వంటిది. అడుగవలసినవి మూడు: ఎంత బలము, ఎంత దూరము, గడ్డయో టిక్కో ఉన్నదా లేదా.

'నీలి స్విచ్చి టైపిస్టులకు, ఎఱ్ఱ స్విచ్చి ఆటగాండ్రకు' అను విభజన కూడ సగము నిజమే. మగ్గముపై నాడె పెట్టెను తాకిన చప్పుడు నేతగానికి పని పూర్తియైనదని తెలుపును. అట్లే టిక్కుమను చప్పుడు నేర్చుకొనువానికి అక్షరము పడినదని చెప్పును. మీటను అడుగంట మోదు అలవాటు దీనిచే తగ్గవచ్చును. కాని నీలి స్విచ్చి పనిచేసిన చోటును, తిరిగి విడివడు చోటును ఒకటి కావు. విడివడు చోటు కొంత పైన ఉన్నది. అందుచే ఒకే మీటను గబగబ రెండుమార్లు నొక్కుట కష్టము. పైగా ఒకే గదిలో తల్లిదండ్రులు నిద్రించు ఇంట, నలుగురు చదువుకొను హాస్టలులో, ఆ చప్పుడు సుగుణము కాజాలదు. గోధుమ రకమును రెంటికిని మధ్యేమార్గమని పొగడుదురు. దాని గడ్డ ఎంత స్వల్పమనగా, వేగముగా కొట్టువారికి అది ఉన్నట్లే తోచకపోవచ్చును.

వేగపు లెక్క

రెండవ మాట వేగము. ఎఱ్ఱ స్విచ్చి 2 మిల్లీమీటర్లు దిగినపుడు పనిచేయును. 'స్పీడ్ సిల్వర్' అను వెండిరంగు స్విచ్చి 1.2 మిల్లీమీటర్లకే పనిచేయును. భేదము 0.8 మిల్లీమీటరు. వ్రేలు సెకనుకు 100 మిల్లీమీటర్ల వేగముతో దిగునని అనుకొందము. అప్పుడు మిగులు కాలము సెకనులో వెయ్యింట ఎనిమిది పాళ్లు, అనగా 8 మిల్లీసెకనులు.

ఇది ఎంతటి లాభము? కేంద్ర ప్రభుత్వపు స్టాఫ్ సెలక్షన్ కమిషను గుమాస్తా ఉద్యోగపు పరీక్షలో ఆంగ్లమునకు నిమిషమునకు 35 మాటలు కావలెను. అనగా గంటకు 10,500 నొక్కుళ్లు. ఒక నొక్కునకును మరియొక నొక్కునకును మధ్య కాలము సుమారు 343 మిల్లీసెకనులు. ఇందు 8 మిల్లీసెకనులు లెక్కకు రావు. పైగా అభ్యాసము లేని వ్రేలు 1.2 మిల్లీమీటర్ల మీటపై ఊరక ఆనిననే అక్షరము పడును. తప్పును దిద్దుటకు పట్టు కాలము ముందు మిగిలిన 8 మిల్లీసెకనులు ఏమూలకు?

ఆటలో సంగతి కొంత వేరు. తెరపై దృశ్యము చూచి వ్రేలు కదల్చుటకు మానవునకు సుమారు 200 మిల్లీసెకనులు పట్టును. సెకనుకు 60 మార్లు మారు తెరయే ఒక్కొక్క చిత్రమునకు 16.7 మిల్లీసెకనులు తీసికొనును. సరిసమానులైన ఇద్దరు నిపుణుల పందెములో 8 మిల్లీసెకనులు ఫలితమును మార్చవచ్చును. నేర్చుకొను దశలో ఉన్నవానికి మాత్రము అది ప్రకటనలోని అంకెయే గాని వ్రేలిలోని బలము కాదు.

శ్రమ ఎందువలన?

తేలికైన స్విచ్చి వ్రేళ్లకు శ్రమ తగ్గించునని మరియొక వాదము. దీనిని కూడ లెక్కింపవచ్చును. ఎఱ్ఱ స్విచ్చి బలము మొదట సుమారు 30, అడుగున సుమారు 60 సెంటీన్యూటనులు అనుకొన్నచో సగటు 45. దూరము 4 మిల్లీమీటర్లు. ఒక నొక్కునకు చేయు పని 1.8 మిల్లీజౌళ్లు. గంటకు 10,500 నొక్కుళ్లకు సుమారు 19 జౌళ్లు. ఇది ఒక కిలోగ్రాము బరువును రెండు మీటర్ల ఎత్తునకు లేపు పనికంటె మించదు. గంటకొకసారి చిన్న చెంబెడు నీళ్లు అటకపై పెట్టినవానికి చేయి నొప్పి రాదు గదా! మఱి టైపు చేసినవానికి ఏల వచ్చును? స్ప్రింగును జయించుటకు చేసిన పని వలన కాదు. మణికట్టును వంచి గాలిలో నిలుపుట, భుజము బిగియబట్టుట, మీట అడుగు తాకిన పిదప కూడ మోదుట, విరామము లేకుండుట, ఇవియే ముఖ్య కారణములు. బల్ల ఎత్తు సరిచేసికొనుట స్విచ్చి మార్చుటకంటె ముందు చేయదగిన పని. దానికి ఖర్చును లేదు.

అయస్కాంతపు మీటలు

ఇటీవల అయస్కాంతపు స్విచ్చిలు ప్రచారములోనికి వచ్చినవి. ఇవి 1879లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఎడ్విన్ హాల్ కనుగొనిన ధర్మముపై ఆధారపడినవి. విద్యుత్తు ప్రవహించు రేకును అయస్కాంత క్షేత్రములో ఉంచిన ఎడల దాని రెండు ప్రక్కల మధ్య స్వల్పమైన వోల్టేజి పుట్టును. కాడలోని అయస్కాంతము దిగిన కొలది ఆ వోల్టేజి మారును గనుక మీట ఏ క్షణమున ఎంత దిగినదో యంత్రమునకు తెలియును. రేకులు కలియనక్కరలేదు. మీట ఎక్కడ పనిచేయవలెనో కొన్నవాడే నిర్ణయించుకొనవచ్చును. వ్రేలు కొంచెము పైకి లేచినంతనే మీట విడిచినట్లు లెక్కించునట్లు కూడ ఏర్పరచవచ్చును. ఈ రెండవ సౌకర్యము ఆటలో నిజమైన లాభమే.

అయితే యంత్రము చేయు సాయము హద్దు మీరవచ్చును. ఎదురెదురు దిక్కుల మీటలను ఫలకమే తనంత తాను సర్దు ఏర్పాటును 'కౌంటర్ స్ట్రైక్ 2' ఆటలో 2024 ఆగస్టు నెలలో వాల్వ్ సంస్థ నిషేధించినది. వ్రేలి నేర్పు ఎంతవరకు, యంత్రపు నేర్పు ఎక్కడనుండి అను ప్రశ్న దీనిలో ఇమిడియున్నది. అదియుగాక వేడిమి మారినపుడు అయస్కాంత బలము స్వల్పముగా మారును. దానిని ఫలకములోని ప్రోగ్రాము సరిదిద్దవలెను. ఎండలు మెండుగానుండు ఈ ప్రాంతమున దీనిని మరువరాదు.

ఆయువును, దుమ్మును

మూడవ మాట ఆయువు. చెర్రీ తన ఎఱ్ఱ స్విచ్చికి పదికోట్ల నొక్కుళ్లు, నీలి స్విచ్చికి అయిదుకోట్ల నొక్కుళ్లు చెప్పును. ఆంగ్లమున మిక్కిలి తఱచుగా వచ్చు 'ఇ' అక్షరము నూటికి సుమారు పండ్రెండు. గంటకు 10,500 నొక్కుళ్లలో దాని వంతు 1,260. దినమునకు నాలుగు గంటలైన 5,040. అయిదుకోట్లకు చేరుటకు సుమారు ఇరువదియేడేండ్లు, పదికోట్లకు ఏబదినాలుగేండ్లు పట్టును. అంతకాలము ఆ కంప్యూటరే ఉండదు. కావున అయిదుకోట్లకును పదికోట్లకును గల భేదమునకు సొమ్ము చెల్లించుట వ్యర్థము.

స్విచ్చిని చెరుచునవి వేరు. లోహపు రేకులు కలియునపుడు ఒక్కసారి కలిసి ఊరుకొనవు. కొన్ని మిల్లీసెకనులు అదరుచు కలిసి విడిపోవుచుండును. ఈ అదురును లెక్కింపకుండ ఫలకము కొద్దికాలము ఆగును. రేకులపై దుమ్ము చేరినచో అదురు హెచ్చి ఒక నొక్కునకు రెండక్షరములు పడును, లేదా ఒక్కటియు పడదు. ప్రత్తి జిన్నింగు మిల్లుల నూగు ఎగురు ఆదోనిలో, నల్లరేగడి ధూళి లేచు ఎమ్మిగనూరు ప్రాంతములో ఇదియే ముఖ్య శత్రువు. ఇచ్చట కొనువారు అడుగవలసిన ప్రశ్న 'ఎన్ని కోట్లు?' అని కాదు. 'చెడిన స్విచ్చిని టంకము కరగింపక ఊడదీసి మార్చవచ్చునా?' అని. అట్టి ఫలకమైనచో చెడిన మీటకు కొన్ని రూపాయల స్విచ్చి తెచ్చి ఇంటనే అమర్చుకొనవచ్చును. కానిచో ఒక్క మీట చెడిన ఫలకమంతయు మూలపడును.

తెలుగు వ్రాయువారి మాట

ఈ ప్రకటనలలో తెలుగు అక్షరము ఊసేలేదు. భారత ప్రభుత్వము 1986లో రూపొందించిన ఇన్‌స్క్రిప్టు పద్ధతిలో 'స్త్రీ' అను ఒక్క అక్షరమునకు ఆరు నొక్కుళ్లు కావలెను. ఆంగ్ల మీటల పేర్లతో చెప్పినచో ఎమ్, డి, ఎల్, డి, జె, ఆర్. హల్లులు కుడిచేతికి, పొల్లును గుణింతములును ఎడమచేతికి వచ్చుటచే చేతులు తాళము వేసినట్లు ఒకదాని తరువాత ఒకటి పనిచేయును. ఒత్తులు మెండుగాగల మన భాషలో ఎడమ నడిమివ్రేలి క్రింది 'డి' మీటకు పని హెచ్చు. ఫలకమును పరీక్షించు తెలుగువాడు ముందుగా ఆ మీటను పరీక్షింపవలెను. వేగము చేతుల ఈ వరుసక్రమము వలన వచ్చును గాని స్విచ్చి రంగు వలన రాదు.

తేలిన సంగతి

పోటీపరీక్షకు పోవు విద్యార్థి సామాన్యముగా పరీక్షా కేంద్రమున ఏర్పాటుచేసిన ఫలకముపైననే వ్రాయవలెను. అది తఱచుగా రబ్బరు బుడిపెల ఫలకమే. ఇంట వెండిరంగు స్విచ్చిపై ఆరు నెలలు సాధన చేసి, అక్కడ అడుగంట నొక్కవలసిన మీట ఎదురైనచో వ్రేళ్లు తడబడును. అట్టివారు పరీక్షకు ముందు కొన్ని వారములైన సామాన్య ఫలకముపై అభ్యసించుట మేలు. రెండు పనులకును ఒకే ఫలకము కోరువారికి 45 నుండి 55 సెంటీన్యూటనుల బలము, 2 మిల్లీమీటర్ల దూరముగల, చప్పుడులేని, ఊడదీయదగిన స్విచ్చి చాలును. పందెములలో పాల్గొను ఆటగానికి తప్ప అయస్కాంతపు మీట అవసరము లేదు. సామాన్య ఫలకమే ఉన్నవారు చిన్నబుచ్చుకొనవలసిన పనియు లేదు. అందున్న లోపము అభ్యాసముచే తీరునట్టిదే.

ఇక పని ముగిసిన వెంటనే ఫలకముపై ఒక గుడ్డ కప్పవలెను. ఏ ప్రకటనయు చెప్పని ఈ జాగ్రత్త కోట్ల నొక్కుళ్ల హామీకంటె ఎక్కువ కాలము దానిని కాపాడును. ఆ గుడ్డ ఎమ్మిగనూరు మగ్గముపై చవుకగనే దొరకును.