ఈగకో దారి, నీటికో దారి

స్లిప్పర్ ఆర్కిడ్ పువ్వును చూడగానే కన్ను ఆ చెప్పు మీదే పడుతుంది. పువ్వుకున్న మూడు ఆకర్షణ పత్రాల్లో రెండు పక్కలకు చాచుకుని ఉంటాయి. మూడోది సంచిలా గుండ్రంగా ముడుచుకుని, ముందు మూసి ఉన్న చెప్పులా వేలాడుతుంది. రక్షక పత్రాల్లో ఒకటి సంచి నోటికి పైన గొడుగులా నిలబడితే, మిగిలిన రెండూ ఒకటిగా అతుక్కుపోయి సంచి వెనక దాక్కుంటాయి. అందం కోసమే అనిపించే ఈ సంచి నిజానికి ఒక ఉచ్చు. అయితే ఇది చంపే ఉచ్చు కాదు, పడ్డవాణ్ణి ఒకే దారిన నడిపించి వదిలిపెట్టేది.

సంచి నోటికి ఎదురుగా, పువ్వు నడిమధ్యన, మెరిసే బిళ్ళ ఒకటుంటుంది. పుప్పొడి పుట్టించడం మానేసిన కేసరం అది. దాని మీదో, సంచి అంచు మీదో వాలబోయిన ఈగ జారి లోపల పడుతుంది. అంచు నున్నగా లోపలికి మడిచి ఉంటుంది కాబట్టి పడ్డ దారినే పైకి రావడం కష్టం. వెనక గోడ మీద మాత్రం వెంట్రుకలు నిచ్చెన మెట్లలా ఉంటాయి. ఆ నిచ్చెన ఎక్కితే మొదట కీలాగ్రం కిందుగా దూరాలి, ఆ తర్వాత పక్కనున్న పరాగకోశాన్ని ఒరుసుకుంటూ ఇరుకు సందులోంచి బయటపడాలి. ఈ వరసలోనే పనితనమంతా ఉంది. వీపు మీద వేరే పువ్వు నుంచి తెచ్చిన పుప్పొడి ఉంటే అది ముందే కీలాగ్రానికి అంటుకుంటుంది. ఈ పువ్వు పుప్పొడి, జిగురు ముద్దగా, గడప దాటేటప్పుడు మాత్రమే వీపుకు అంటుకుంటుందన్నమాట. సొంత పుప్పొడి సొంత కీలాగ్రానికి తగిలే అవకాశం దాదాపు లేదు. ఇంత శ్రమపడ్డ ఈగకు ఒక్క చుక్క తేనె కూడా దక్కదు. కొన్ని జాతుల పూల మీద పేనుబంకను పోలిన మచ్చలుంటాయి. పిల్లలకు తిండి దొరికే చోటనుకుని గుడ్లు పెట్టడానికి వచ్చిన తల్లి ఈగ అలా మోసపోతుంది.

1862లో ఆర్కిడ్ల మీద పుస్తకం రాసినప్పుడు డార్విన్ కూడా దీని విషయంలో పొరబడ్డాడు. కీటకం బయట నిలబడి తొండం లోపలికి చాపుతుందనుకున్నాడు. లోపలికే దూరుతుందేమో చూడమని అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు ఆసా గ్రే సూచించాడు. డార్విన్ ఒక చిన్న తేనెటీగను పట్టుకుని, దీని దాయాది జాతి పువ్వు సంచిలో వేసి చూశాడు. అది పుప్పొడి పూసుకుని వెనక సందులోంచి బయటికొచ్చింది.

ఇంత పకడ్బందీగా పువ్వును కట్టే ఈ మొక్క నీళ్ళు దాచుకునే విషయంలో మాత్రం పేదరాలు. నాందేడ్ జిల్లా మాండవి చుట్టుపక్కల, ఆదిలాబాద్ సరిహద్దు అడవుల్లో, మామిడి, ఇప్ప కొమ్మలను పట్టుకుని పెరిగే వాండా ఆర్కిడ్‌ది వేరే పద్ధతి. దాని లావుపాటి వేళ్ళు గాలిలో వేలాడుతూ వాన పడ్డప్పుడు తాగుతాయి, ఎండ కాస్తే ఎండుతాయి. స్లిప్పర్ ఆర్కిడ్ నేల మీద కుళ్ళిన ఆకుల్లో, రాతి పగుళ్ళలో బతికేది. దుంప లేదు, లావుపాటి కాడ లేదు. విసనకర్రలా విచ్చుకున్న ఆకులు, కింద నూగున్న కొన్ని గోధుమరంగు వేళ్ళు, అంతే. వేళ్ళు సులభంగా కొమ్మలు వేయవు, ఒకటి విరిగితే మరోటి రావడానికి నెలలు పడుతుంది. ఆ వేళ్ళు ఎండిపోకూడదు, నీళ్ళలో నానకూడదు. పువ్వు ఈగకు ఒకే దారి వేసినట్టు పెంచేవాడు నీటికి ఒకే దారి వేయాలి.

ఆ దారి కుండీలోనే మొదలవుతుంది. మట్టి పనికిరాదు. వేలిగోరంత బెరడు ముక్కలు, కొంచెం బొగ్గు, కాస్త పెర్లైట్ కలిపితే నీళ్ళు ముక్కల మీద పొరలా నిలిచి, మిగతాది జారిపోతుంది. ఖాళీ అయిన సందుల్లోకి గాలి వస్తుంది. కుండీ వేళ్ళకు సరిపోయేంతే ఉండాలి. పెద్దదైతే నడిమి ముద్ద ఆరదు. మొదలు బెరడులో ఒక సెంటీమీటరు లోతున ఉండాలి. కొత్త వేరు అక్కడి నుంచే పుడుతుంది, గాలిలోకి వస్తే చివర ఎండి ఆగిపోతుంది. బెరడు ఏడాదికి, రెండేళ్ళకు మెత్తబడి నీటిని పట్టుకోవడం మొదలుపెడుతుంది. దారి మూసుకుపోయిందని అర్థం, కొత్తది పోయాలి. నేను ఒకసారి బద్ధకించి మూడో ఏడు దాకా ఉంచాను. ఆకులు బానే ఉన్నాయి, లాగితే మొక్క వేరు లేకుండా చేతిలోకొచ్చింది.

ఇంట్లో పెంచడానికి చిన్న జాతుల్లో నాకు నచ్చింది నివియం. మలయా ద్వీపకల్పపు సున్నపురాయి గుట్టల మీద పుట్టింది. మచ్చల ఆకులు జానెడు కూడా ఉండవు, అడుగున ఊదా రంగు, పైన తెల్లటి పువ్వు. తూర్పు కిటికీ చాలు. ఉదయం ఎండ తెర లోంచి రావాలి, చెయ్యి చాపితే మెత్తటి నీడ పడాలి. వాన నీళ్ళు పట్టి ఉంచుకుంటే మేలు, బోరు నీళ్ళ ఉప్పు ఆకు కొసలను నల్లబరుస్తుంది. ఎరువు చీటీ మీద రాసినదాంట్లో నాలుగో వంతు, మధ్యలో ఒకసారి ఉత్త నీళ్ళతో కడగాలి. ఆకుల నడుమ మాత్రం నీరు నిలవకూడదు.

అసలు పరీక్ష మే నెల. ఎండ 42 డిగ్రీలు దాటే ఊళ్ళో తడి ఆరడానికి పూట చాలు. ఇక్కడ గడ్డి కూలర్ మొక్కకు కూడా చుట్టమే, గాలి చల్లబడుతుంది, తేమ వస్తుంది. దాని ఎదురుగా కాక పక్క మూలన పెట్టాలి. ప్లాస్టిక్ కుండీని మట్టికుండలో దింపి, మధ్య సందులో తడి ఇసుక పోసి, అడుగున ఇటుక ముక్క పెట్టి కొంచెం ఎత్తితే వేళ్ళ దగ్గర ఇంకొన్ని డిగ్రీలు తగ్గుతాయి. కుండలో నీళ్ళు చల్లబడే కిటుకే అది. వానాకాలంలో ఇబ్బంది తిరగబడుతుంది, అప్పుడు కావలసింది చిన్న ఫ్యాన్.

కొనేటప్పుడు ఒక మాట. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో మొక్కల కోసం చేర్చిన జాబితాలో అప్పట్లో ఉన్న పేర్లు ఆరే, వాటిలో స్లిప్పర్ ఆర్కిడ్ ఒకటి. దక్షిణాదిన దీని ఏకైక జాతి, అగస్త్యమలైలో పుట్టిన డ్రూరీ, సేకరించేవాళ్ళ చేతుల్లోనే అంతరించే దాకా వచ్చింది. అడవి మొక్కను ముట్టకూడదు. గింజ నుంచి పెంచిన నర్సరీ మొక్క, కాగితాలతో సహా, అదొక్కటే మార్గం. ఆ గింజ ధూళి రేణువంత, లోపల తిండి ఉండదు. 1922లో లూయిస్ నడ్సన్ చక్కెర కలిపిన అగార్ మీద ఆర్కిడ్ గింజను మొలిపించిన తర్వాతే ఈ పని ప్రయోగశాలలో సులువైంది. కణజాలం నుంచి దీనికి నకళ్ళు తీయడం కష్టం కాబట్టి గింజ నుంచి వచ్చిన ప్రతి మొక్కా దేనికదే, పూయడానికి ఏళ్ళు పడుతుంది.

ఒక విసనకర్ర ఒక్కసారే పూస్తుంది. పక్కన పిల్ల విసనకర్ర పుడుతుంది, తల్లి ఆకులు మరికొన్నేళ్ళు దానికి తిండి పెడుతూ ఉంటాయి. విచ్చుకున్న పువ్వు వారాల తరబడి మారకుండా నిలుస్తుంది. కిటికీ తెర వెనక ఈగ రాదు కదా. ఒక ఉదయం పువ్వు వాడకుండానే, మొత్తంగా, టప్‌మని రాలుతుంది. సంచిని వేలితో చీల్చి వెలుగుకు పట్టి చూశాను. వెంట్రుకల నిచ్చెన చెక్కుచెదరలేదు. ఒక్క కాలూ దాని మీద పడలేదు.