ఇంజన్ మార్చాలా, టర్బో బిగించాలా?

1990లలో దక్షిణ కాలిఫోర్నియా కుర్రకారుకు అందుబాటు ధరలో దొరికిన బండి హోండా సివిక్. పెట్రోలు తక్కువ తాగుతుంది, మరమ్మతులు తక్కువ, బరువు ఇంచుమించు ఒక టన్ను. 1992–95 మోడళ్లలో డీఎక్స్, ఎల్‌ఎక్స్ రకాలకు 1.5 లీటర్ల ఇంజన్, 102 హార్స్‌పవర్. కాలేజీకో ఆఫీసుకో వెళ్లి రావడానికి అది చాలు. చాలదనుకున్నవాళ్లు లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల షెడ్లలో, ఇళ్ల గరాజుల్లో బండి శక్తి పెంచే ఒక సంప్రదాయాన్నే నిలబెట్టారు. వాళ్లలో ఆసియా సంతతి యువకులు చాలామంది. 1990లో మొదలైన ‘బ్యాటిల్ ఆఫ్ ది ఇంపోర్ట్స్’ డ్రాగ్ రేసులు వాళ్లకు వేదికయ్యాయి. 2001లో వచ్చిన ‘ది ఫాస్ట్ అండ్ ది ఫ్యూరియస్’ సినిమా ఆ లోకాన్ని ప్రపంచానికి చూపించింది. అక్కడ ఇప్పటికీ తెగని వాదం ఒకటుంది: ఉన్న ఇంజన్ తీసేసి పెద్దది పెట్టడం మేలా, ఉన్నదానికే టర్బో బిగించడం మేలా?

ఇంజన్ మార్చడం అమెరికాలో తాతల నాటి విద్యే. 1932లో ఫోర్డ్ సామాన్యుడి కారులో వీ8 ఇంజన్ పెట్టినప్పటి నుంచి, పాత తేలికపాటి బండిలోకి బలమైన ఇంజన్ ఎక్కించడం హాట్ రాడ్ కుర్రాళ్లకు అలవాటైంది. 1955లో షెవ్రొలే స్మాల్ బ్లాక్ ఇంజన్ వచ్చాక అది మరీ సులువైంది. సివిక్ కుర్రాళ్లు చేసిందీ అదే. కాకపోతే వాళ్లు వెతికిన ఇంజన్ హోండా ఇంట్లోనే ఉంది.

1989లో జపాన్‌లో ఇంటెగ్రా కారుతో హోండా బీ16ఏ ఇంజన్ తెచ్చింది. 1.6 లీటర్లకే 160 హార్స్‌పవర్. టర్బో లేకుండా మామూలు రోడ్డు బండిలో లీటరుకు వంద అంటే ఆ రోజుల్లో గొప్ప. దాని కిటుకు వీటెక్. క్యామ్‌షాఫ్ట్ మీద ఒక్కో జత వాల్వులకు మూడు లోబ్‌లు ఉంటాయి. నెమ్మదిగా నడిపేటప్పుడు పక్కనున్న చిన్న లోబ్‌లు పనిచేస్తాయి. సుమారు 5,500 ఆర్‌పీఎం దాటాక ఆయిల్ ప్రెషర్ ఒక పిన్నును తోసి రాకర్ ఆర్మ్‌లను కలిపేస్తుంది. అప్పుడు నడిమి పెద్ద లోబ్ వాల్వులను మరింత లోతుగా, మరింత సేపు తెరుస్తుంది. అక్కడి నుంచి 8,000 దాకా ఇంజన్ గొంతే మారిపోతుంది.

జపాన్‌లో ఇదే ఇంజన్‌ను సివిక్‌లోనూ పెట్టి అమ్మారు. అమెరికా సివిక్‌కు మాత్రం అది 1999లో గానీ రాలేదు. కాబట్టి బీ సిరీస్ మార్పిడి అంటే కొత్తగా ఏదో కనిపెట్టడం కాదు, తమ బండికి దక్కనిదాన్ని తెచ్చి పెట్టుకోవడమే. అందుకే మౌంటింగులు, యాక్సిళ్లు, గేర్ లింకేజి, ఇంజన్ కంప్యూటర్ (ఈసీయూ) చాలావరకు హోండా పార్టులతోనే కుదిరాయి. చిక్కులు లేకపోలేదు. 1988–91 సివిక్‌లో క్లచ్ కేబుల్‌తో నడుస్తుంది, తర్వాతి మోడళ్లలో హైడ్రాలిక్. గేర్‌బాక్స్ ఎంచేటప్పుడు ఈ తేడా గమనించకపోతే పని అక్కడే ఆగుతుంది. ఆ తర్వాత వచ్చిన కే సిరీస్ మరో మెట్టు. అది తిరిగే దిశే వేరు, ఇంజన్ కూర్చునే వైపు వేరు, ఎగ్జాస్ట్ ముందుకు కాక వెనక్కి వస్తుంది. దానికి ప్రత్యేకంగా చేసిన మౌంటింగులు తప్పవు.

ఇక టర్బో. స్విట్జర్లాండ్ ఇంజనీర్ ఆల్ఫ్రెడ్ బూషి 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. పొయ్యిని ఊదుగొట్టంతో ఊదితే మంట ఎగసినట్టే, సిలిండర్‌లోకి గాలి దట్టించి, దానికి తగ్గ పెట్రోలు కలిపితే శక్తి పెరుగుతుంది. ఆ ఊదే పని బయటికి పోయే పొగ చేస్తుంది. పొగ ఒక టర్బైన్‌ను తిప్పితే, అదే షాఫ్ట్‌కు అవతల ఉన్న కంప్రెసర్ గాలిని నెడుతుంది. మామూలు గాలి పీడనం 14.7 పీఎస్‌ఐ. దానిపై 7 పీఎస్‌ఐ బూస్ట్ ఇస్తే, లెక్క ప్రకారం గాలి దాదాపు ఒకటిన్నర రెట్లు. కానీ నొక్కిన గాలి వేడెక్కుతుంది, వేడి గాలి పలచబడుతుంది. అందుకే ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్. బూస్ట్ హద్దు దాటకుండా కాపలా కాసేది వేస్ట్‌గేట్.

వినడానికి ఇది చవక పనే. ఇంజన్ దించక్కర్లేదు, గేర్‌బాక్స్ ముట్టుకోనక్కర్లేదు. పైగా వీటెక్ ఇంజన్ ఎక్కువ ఆర్‌పీఎంలో ఇచ్చే బలాన్ని సరైన కొలతలో ఎంచిన టర్బో మధ్యలోనే ఇస్తుంది. రోడ్డు మీద పికప్ అంటే జనం అనుకునేది దాన్నే. అసలు ఖర్చు ఆ తర్వాత మొదలవుతుంది. పెద్ద ఇంజెక్టర్లు, బలమైన ఫ్యూయల్ పంపు, టర్బో బేరింగులకు ఆయిల్ లైను కావాలి. ఆ ఆయిల్ తిరిగి దిగడానికి ఆయిల్ సంపుకు బెజ్జం వేసి వెల్డింగ్ చేయాలి. అన్నిటికన్నా ముఖ్యం ట్యూనింగ్. పెట్రోలు కాస్త తగ్గినా, స్పార్క్ కాస్త ముందు పడినా నాకింగ్ (సిలిండర్‌లో అదుపు తప్పిన మంట) మొదలై పిస్టన్ అంచులు పగులుతాయి. సివిక్‌లో మొదట ఉండే డీ సిరీస్ ఇంజన్ కనెక్టింగ్ రాడ్లు ఈ ఒత్తిడికి చేసినవి కావు. సిలిండర్ల పైఅంచు చుట్టూ ఆసరా లేని హోండా బ్లాక్ మితిమీరిన బూస్ట్‌కు కదిలిపోతుంది. బిగించినవాడిలో ఓపిక, కొలిచే అలవాటు లేకపోతే మంచి కిట్ కూడా ఇంజన్‌ను మింగేస్తుంది.

అసలు తేడా ఇక్కడే ఉంది. ఇంజన్ మార్చినవాడు ఒక ఫ్యాక్టరీ ఏళ్ల తరబడి పరీక్షించిన పనితనాన్ని మొత్తంగా కొనుక్కుంటాడు. ఇంటెగ్రా టైప్ ఆర్ ఇంజన్ ఇచ్చే 195 హార్స్‌పవర్ వెనక పిస్టన్ నుంచి ఈసీయూ దాకా అన్నీ ఒకదానికొకటి సరిపోయేలా చేసినవే. టర్బో బిగించినవాడు ఆ పొంతన తానే కుదర్చాలి. మొదటిది డబ్బు అడుగుతుంది, రెండోది బుద్ధి అడుగుతుంది. రెండో దారి చవకనుకుని దిగినవాళ్లలో చాలామంది చివరికి రెండూ ఇచ్చుకున్నారు.

చట్టం కూడా వాదంలో భాగమే. కాలిఫోర్నియాలో మార్చిన ఇంజన్ కారు మోడల్ సంవత్సరానిదో అంతకన్నా కొత్తదో కావాలి. దాని కాలుష్య నియంత్రణ పరికరాలన్నీ వెంట రావాలి, ప్రభుత్వ రెఫరీ చూసి ఒప్పుకోవాలి. టర్బో కిట్‌కైతే రాష్ట్ర వాయు వనరుల బోర్డు ఇచ్చిన అనుమతి సంఖ్య ఉండాలి. మన దేశంలో దారి ఇంకా ఇరుకు. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్నే గట్టిగా చెప్పింది. పైగా ఆర్‌సీలో ఇంజన్ నంబరు ఉంటుంది, మార్చిన ఇంజన్ దానితో కలవదు.

ఈ సంప్రదాయానికి మచ్చలూ ఉన్నాయి. అమెరికాలో అత్యధికంగా దొంగతనానికి గురయ్యే కార్ల జాబితాలో 1990ల సివిక్ ఏళ్ల తరబడి ముందుండేది. ఇంజన్లకు, పార్టులకు ఉన్న గిరాకీ దానికొక కారణం. వీధి పందేలు ప్రాణాలు తీశాయి. వెనక డ్రమ్ బ్రేకులు అలాగే వదిలి శక్తి మాత్రం రెట్టింపు చేసిన బండ్లూ తక్కువేం కాదు.

విచిత్రంగా, ఫ్యాక్టరీలు చివరికి ఎంచుకున్నది టర్బోనే. 2016 సివిక్‌కు హోండానే 1.5 లీటర్ల టర్బో ఇచ్చింది, 174 హార్స్‌పవర్. మన రోడ్ల మీద మారుతీ ఫ్రాంక్స్‌లోనూ ఒక లీటరు టర్బో ఉంది. దీన్నిబట్టి గరాజులో టర్బో వేసినవాళ్లే గెలిచారనలేం. ఈ ఇంజన్లలో రాడ్లు, పిస్టన్లు, కంప్యూటర్ అన్నీ మొదటి నుంచే బూస్ట్ కోసం చేసినవి. రోజూ నడిపే ఒకే బండి ఉన్నవాడికి ఫ్యాక్టరీ ఇంజన్ మార్పిడే క్షేమం. పాడైతే ఇంటికి చేర్చే మరో బండి, నేర్చుకునే తీరిక ఉన్నవాడు టర్బో జోలికి వెళ్లవచ్చు. ఏ దారైనా ముందు బ్రేకులు చూసుకోవాలి, తర్వాతే హార్స్‌పవర్ లెక్క.