పై బరువు

ఓడల మరమ్మతు పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రాడికి క్యాబిన్ పరిచయమయ్యేది ముంగాలి దెబ్బతోనే. డెక్ మీది తలుపులకు గడప అంత ఎత్తు. సూపర్‌స్ట్రక్చర్, అంటే డెక్ మీది కట్టడం, చివరి గోడల్లో ఉండే తలుపుల గడప కనీసం 380 మిల్లీమీటర్లు ఉండాలని 1966 నాటి అంతర్జాతీయ లోడ్ లైన్ ఒప్పందం చెబుతుంది. తిట్టుకుంటూ దాటుతాం గానీ, డెక్కెక్కిన అలను గదిలోకి రానివ్వకుండా ఆపేది ఆ గడపే.

గది కట్టడంలో నాకు ఇష్టమైన పని గోడ అడుగు అంచు కోయడం. చాలా ఓడల డెక్ చదునుగా ఉండదు. మీద పడ్డ నీళ్లు పక్కలకు జారిపోవాలని మధ్యలో కాస్త ఉబ్బెత్తుగా కడతారు. ప్లైవుడ్ ముక్క నిలబెట్టి, ఆ వంపును దాని మీద గీసుకుని, ఆ గీత ప్రకారం ఉక్కు రేకు కోయాలి. తిన్నగా కోసేసి, మిగిలిన సందును వెల్డింగుతో పూడ్చే ప్రబుద్ధులూ ఉన్నారు. రంగు వేశాక ఎవరికీ కనబడదు. ఓడ అలల మీద వంగుతూ లేస్తూ సాగేటప్పుడు మాత్రం పగులు అలాంటి చోటే మొదలవుతుంది. కిటికీ మూలలను గుండ్రంగా కోసేది కూడా ఈ భయంతోనే. గోడ కింద దూలం ఉందో లేదో చూడకుండా నిలబెట్టేవాణ్ణయితే పనిలోకే రానివ్వకూడదు.

ఇవన్నీ చేత్తో పట్టుబడే విద్యలు. ఎంత చెప్పినా యజమానుల చెవికెక్కనిది బరువు సంగతి. "పైన ఒక్క చిన్న గదే కదండీ" అంటారు. ఇంటి మీద గది వేస్తే పునాది మోస్తుంది; ఓడ కింద ఉన్నది నీళ్లు. పైన బరువు పెరిగితే గరిమనాభి పైకి జరుగుతుంది, ఒరిగిన ఓడ తిరిగి నిలబడే బలం తగ్గుతుంది. అలాంటి ఓడ మెల్లగా, మెత్తగా ఊగుతుంది. ప్రయాణికులకు ఆ ఊపు హాయి, అనుభవమున్న నావికుడికి గుబులు. అందుకే పెద్ద మార్పు చేశాక, గరిమనాభి ఎక్కడుందో తేల్చడానికి తూకపు దిమ్మలను డెక్ మీద ఒక పక్క నుంచి మరో పక్కకు జరిపి, వేలాడదీసిన లోలకం ఎంత పక్కకు వాలిందో కొలుస్తారు.

దక్షిణ కొరియా ఫెర్రీ సెవోల్ కథ ఇదే. జపాన్‌లో 1994లో తయారైన ఆ ఓడను 2012లో కొని, వెనుక వైపు పై డెక్‌ల మీద ప్రయాణికుల గదులు చేర్చారు. అనుమతి దొరికింది, షరతు మీద: సరుకు తగ్గించాలి, ఓడ నిలకడ కోసం అడుగున నింపే బల్లాస్ట్ నీళ్లు పెంచాలి. యజమానులు గదులు ఉంచుకున్నారు, షరతు వదిలేశారు. 2014 ఏప్రిల్ 16న పరిమితికి రెండింతలకు పైగా సరుకుతో, సరిపడా బల్లాస్ట్ లేకుండా వెళ్తూ, ఒక మలుపులో ఒరిగిపోయింది. 304 మంది పోయారు. ఎక్కువ మంది విహారయాత్రకు బయల్దేరిన బడిపిల్లలు.

పై డెక్ మీద నిలబడ్డ జనం కూడా బరువే. రేపు మీరు ఏ నదిలోనో లాంచీ ఎక్కినప్పుడు పైన కిక్కిరిసి ఉంటే, ఫొటో మానుకుని కిందికి దిగండి. అందరూ ఒకే పక్కకు పరుగెడితే మీరు మాత్రం వెళ్లకండి.