చివరి ముక్క నుంచి మొదలు

ఫ్రెంచి పాఠానికి వచ్చినవాళ్లను ముందు భయపెట్టేది వ్యాకరణం కాదు, పొడుగు మాటలు. ‘రాజ్యాంగ విరుద్ధంగా’ అనడానికి వాళ్లకో మాట ఉంది. రోమన్ లిపిలో 25 అక్షరాలు. కాగితం మీద చూస్తే ఊపిరాడదు. నోటికొచ్చేసరికి ఎనిమిది ముక్కలే: ఆఁ-తి-కోఁస్-తి-తు-స్యొ-నెల్-మాఁ.

రెండు అచ్చుల మధ్య ఒక్క హల్లుంటే అది తర్వాతి అచ్చుతోనే పోతుంది. రెండుంటే సాధారణంగా చెరోవైపు. ప్ల, త్ర లాంటివైతే విడిపోకుండా ముందుకే నడుస్తాయి. గుణింతం దిద్దిన మనకు ఇదేమీ కొత్త కాదు. ముక్కుతో పలికే అచ్చులకైతే మన పాత పుస్తకాల్లోని అరసున్న చక్కగా పనికొస్తుంది. ‘మాఁ’ అనే రాయిస్తాను. నిండు సున్న పెడితే చివర పెదాలు మూతపడతాయి, అక్కడ మూతపడకూడదు.

నాకు బాగా ఇష్టమైన చోటు ఆ ‘స్యొ’. జాతి అనడానికి ‘నా-స్యోఁ’ అంటారు, చివర ముక్కు పలుకు. జాతీయ అనేసరికి ‘నా-స్యొ-నాల్’. వెనక అచ్చు రాగానే నకారం దాని పక్కకు చేరిపోయింది, ముక్కు పలుకు పోయింది. మన పొడుగు మాటలోనూ అంతే. విరుపు సరిగ్గా తెలిస్తే ఉచ్చారణ సగం దానంతటదే కుదురుతుంది.

అయితే ముద్రణలో విరుపు వేరు, నోట్లో విరుపు వేరు. అభివృద్ధి అనడానికి వాళ్లకున్న మాటను పంక్తి చివర విరవాలంటే ఐదు ముక్కల లెక్క. పారిస్‌లో మామూలుగా మాట్లాడేటప్పుడు ‘దేవ్-లొప్-మాఁ’, మూడే. మధ్యలోని బలహీనమైన ఎకారాలు రాలిపోతాయి. తులూజ్, మార్సెయ్ వైపు పాతకాలపు మనుషులు వాటిని పలుకుతారు. రసీన్ నాటకాల పన్నెండు ముక్కల పాదంలో కూడా, తర్వాత హల్లు ఉంటే, ఆ ఎకారం లెక్కకు వస్తుంది. కాబట్టి పద్యం చదివే నోటికీ కబుర్లు చెప్పే నోటికీ వేర్వేరు సాధన కావాలి.

నేను మాత్రం చివర నుంచి చెప్పిస్తాను. మాఁ. నెల్-మాఁ. స్యొ-నెల్-మాఁ. ఫ్రెంచిలో ఊనిక పడేది చివరి ముక్క మీదే. ఇంగ్లీషు అలవాటున్నవాళ్లు మధ్యలో ఎక్కడో నొక్కి, చివరికొచ్చేసరికి గొంతు దించేస్తారు. వెనక నుంచి కూర్చుకుంటూ వస్తే ఆ చివరి ముక్కే అన్నిటికన్నా ఎక్కువసార్లు నోట్లో నలుగుతుంది. ‘తు’ దగ్గర తప్పకుండా ఆపుతాను. ఆ అచ్చు మనకు లేదు. పెదాలు ఉకారానికి చుట్టి, లోపల ఇకారం పలకమంటాను. అది పలికాకే దాని ముందున్న ‘తి’.